ట్రాక్టర్ వెనక లోడు ట్రక్కు (ట్రాలీ)తో దిగుడులో బ్రేకు వేస్తే వెనక నుంచి నెట్టేస్తోంది, ఏం చేయాలి?

ధాన్యం లోడుతో కాలువ వంతెన దిగేటప్పుడు ఎంత తొక్కినా ట్రాక్టర్ ఆగడం లేదని, ట్రక్కు పక్కకు లాగుతోందని అడిగారు. కోతల సీజనంతా మా ధాన్యం మిల్లుకు తోలేది నేనే కాబట్టి ఆ టెన్షన్ నాకు బాగా తెలుసు.

75 కిలోల బస్తాలు 70 వేస్తే 5 టన్నులు దాటుతుంది. దాన్ని ఆపాల్సిన ట్రాక్టర్ సుమారు 2 టన్నులు. మన వైపు తిరిగే ట్రక్కుల్లో చాలావాటికి అసలు బ్రేకులే ఉండవు. మామూలు ట్రాక్టర్‌కు కూడా బ్రేకు పట్టేది వెనక చక్రాలకే. దిగుడులో గట్టిగా తొక్కితే ఆ టైర్లు జారతాయి, ట్రక్కు హుక్ మీదుగా తోసుకొస్తుంది. మలుపులో అయితే ట్రాక్టర్ అడ్డం తిరిగిపోతుంది.

అందుకే వేగం పైనే తగ్గించుకోవాలి. ఆ ఎత్తు ఎక్కడానికి ఏ గేరు వాడతారో దిగడానికీ అదే గేరు, అదీ దిగుడు మొదలవకముందే. హ్యాండ్ యాక్సిలరేటర్ పూర్తిగా తగ్గించి, క్లచ్ మీంచి కాలు తీసేయండి. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, మోత మారడం మీకే వినిపిస్తుంది. డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలేసేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. బండి వేగం అందుకున్నాక చాలా ట్రాక్టర్లలో గేరు మళ్లీ పడదు.

పక్కకు లాగుతోందన్నారు కదా, ముందు బ్రేకు పెడళ్లు చూడండి. దమ్ము చేసేటప్పుడు మలుపుల కోసం ఎడమ, కుడి పెడళ్లు విడదీస్తాం. రోడ్డెక్కే ముందు రెండింటినీ కలిపే గొళ్లెం తప్పకుండా వేయాలి. అందులో మట్టి గట్టిపడితే పడినట్టే కనిపిస్తుంది గానీ పూర్తిగా కూర్చోదు. చేత్తో కదిపి చూడాలి. వేగంలో ఒక్క చక్రానికే బ్రేకు పడితే బండి బోల్తా కొట్టడానికి క్షణం చాలు.

గొళ్లెం బాగానే ఉంటే, ట్రక్కు విప్పేసి ఖాళీ మట్టిరోడ్డు మీద నెమ్మదిగా పోతూ బ్రేకు వేయండి. రెండు వెనక టైర్ల జాడలూ ఒకేలా పడాలి. ఒకటే ఈడ్చుకుపోయిన గుర్తు ఉంటే మెకానిక్ దగ్గర బ్రేకులు సమంగా పెట్టించండి.

రెండు చక్రాల ట్రక్కయితే బస్తాలు వెనక్కి పేర్చకండి. హుక్ పైకి లేచి ట్రాక్టర్ వెనక టైర్లకు పట్టు తగ్గుతుంది.

మడ్‌గార్డు మీద, బస్తాల మీద మనుషుల్ని మాత్రం ఎక్కించుకోవద్దు. కూలీలు బతిమాలినా సరే, వాళ్లను వేరే ఆటోలో పంపండి.