టీమ్ లీడ్ కష్టాలకు ఎంబీఏ మందా?

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఆరేళ్ల అనుభవం. నాలుగు నెలల కిందట టీమ్ లీడ్‌ని చేశారు. అప్పటి నుంచి సరిగా నిద్ర లేదు. టీమ్‌లో వయసులో పెద్దాయన ఒకరు మాట వినరట, ఇంకో అబ్బాయి పని ఎప్పుడూ ఆలస్యమేనట. చివరికి అన్నీ వీడే రాత్రిళ్లు కూర్చుని పూర్తిచేస్తున్నాడు. లోన్ తీసి ఎగ్జిక్యూటివ్ ఎంబీఏ చేయించాలా, ప్రాజెక్టులు నడిపేవాళ్లకిచ్చే పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్) సర్టిఫికెట్ మేలా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీరు అడిగింది కోర్సుల గురించి. మీ భయం మాత్రం మావాడు ఈ పనికి సరిపోడేమో అని. సరిపోతాడండీ. బాగా కోడ్ రాసేవాళ్లని లీడ్‌ని చేస్తారు కానీ, మనుషులతో పని చేయించడం ఎవరూ నేర్పరు. కొత్తగా లీడ్ అయినవాళ్లు పక్కవాళ్ల పని కూడా నెత్తిన వేసుకోవడం నేను చాలాసార్లు చూశాను.

ఆ పెద్దాయన బహుశా ఆ కుర్చీ తనకే వస్తుందనుకుని ఉంటారు. నలుగురిలో ఆయన్ని తప్పుపట్టకూడదు. టీ తాగడానికి పిలిచి, "ఇక్కడ మీరైతే ఏం చేస్తారు?" అని అడగాలి. ఏదో ఒక భాగంలో నిర్ణయాలన్నీ ఆయనకే వదిలేయాలి.

ఆలస్యం చేసే అబ్బాయిని "నువ్వెప్పుడూ ఇంతే" అంటే ముడుచుకుపోతాడు. "మంగళవారం రావాల్సిన పని గురువారం వచ్చింది, టెస్టింగ్ వాళ్లు రెండు రోజులు ఖాళీగా కూర్చున్నారు" అని చెప్పాలి. సందర్భం, జరిగింది, దాని ఫలితం, అంతే. అమెరికాలోని సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ దీన్ని ఎస్‌బీఐ (సిచ్యుయేషన్, బిహేవియర్, ఇంపాక్ట్) పేరుతో నేర్పుతుంది. ఆ తర్వాత "ఎక్కడ ఆగింది?" అని అడిగి ఊరుకోవాలి. ఏం చేయాలో ఆ అబ్బాయికి మొదట్లోనే అర్థం కాలేదని చాలాసార్లు అప్పుడే బయటపడుతుంది.

వారానికోసారి ఒక్కొక్కరితో అరగంట విడిగా కూర్చోమనండి. పని ఎంతవరకు వచ్చిందో రోజూ టీమంతా కలిసే 15 నిమిషాల స్టాండప్ మీటింగ్‌లో తెలుస్తుంది. ఈ అరగంటలో వాళ్లు మాట్లాడాలి, మీవాడు వినాలి.

ఇక ఎంబీఏ. ఈమధ్య దీన్ని అన్ని రోగాలకూ ఒకే మాత్రలా అమ్ముతున్నారు, నాకది నచ్చదు. టెక్నికల్ వైపు నుంచి బిజినెస్ వైపు మారాలనుకునేవాళ్లకి పనికొస్తుంది. మీవాడికి ఉన్నవే శని, ఆదివారాలు. వాటిని క్లాసులకిచ్చి, లక్షల అప్పు తెచ్చుకున్నాక సోమవారం ఆఫీసులో కనబడేది మళ్లీ ఆ పెద్దాయనే. పీఎంపీకైతే నాలుగేళ్ల డిగ్రీ ఉన్నా 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం చూపించాలి. లీడ్ అయ్యి నాలుగు నెలలేగా, ఇప్పట్లో ఆ మాటే వద్దు.

ఒక మాట గట్టిగానే అంటాను, ఏమనుకోకండి. ఆరేళ్లుగా ఉద్యోగం చేస్తున్న మనిషి తరఫున మీరెందుకు రాస్తున్నారు? టీమ్‌లో ఎవరెలాంటివాళ్లో కూడా మీకు తెలుసంటే, ఇంటికి ఫోన్ చేసినా ఆఫీసు గోలే నడుస్తోందన్నమాట. అతని టెన్షన్‌కి మీ టెన్షన్ కలుపుతున్నారు. ఈ ఆదివారం ఆ సంగతి మీరు ఎత్తకండి. అతనే ఎత్తితే వినండి, సలహా మాత్రం ఇవ్వకండి.

ఆరు నెలల తర్వాత కూడా ఎంబీఏ కావాలని అతనికే అనిపిస్తే, అతన్నే నాకు రాయమనండి. అప్పుడు కాలేజీల గురించి మాట్లాడుకుందాం.