పాత మస్టాంగ్ గేరు సరిగా పడకపోతే: రీబిల్డ్‌కి ఒప్పుకునే ముందు

సందేహం: అన్నగారూ, కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో ఉంటున్నాను. ఎప్పటి నుంచో ఇష్టమని 1966 ఫోర్డ్ మస్టాంగ్ కొన్నాను, ఆటోమేటిక్. సిగ్నల్ దగ్గర కదలడానికి బాగా మొరాయిస్తోంది. పై గేరు ఆలస్యంగా, పెద్ద కుదుపుతో పడుతోంది. సైలెన్సర్ నుంచి తెల్లపొగ కూడా. గేర్‌బాక్స్ మొత్తం విప్పి రీబిల్డ్ చేయాలని షాపువాళ్ళు అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఒప్పుకోమంటారా?

జవాబు: ఇప్పుడే ఒప్పుకోకండి. రీబిల్డ్ అంటే వేల డాలర్ల మాట. మీరు చెప్పిన మూడు లక్షణాలకూ చవకైన కారణాలు ఉండొచ్చు. మీ కారులో ఉన్నది సీ4 అనే మూడు గేర్ల బాక్స్, ఫోర్డ్ 1964లో తెచ్చింది. అందులో కంప్యూటర్ లేదు. ఆయిల్ ప్రెషర్, ఇంజన్ వాక్యూమ్ (ఇంజన్ గాలి పీల్చే లాగుడు), కొన్ని రాడ్లు, అంతే. మన చేత్తో, కంటితో తేల్చుకోగలిగినవి చాలా ఉన్నాయి.

ముందు గేర్ లివర్ దగ్గర గుర్తులు చూడండి. ఇప్పటి కార్లలో ఎన్ తర్వాత డి ఉంటుంది. 1966 వరకు వచ్చిన సీ4లో డి అక్షరమే ఉండదు, రెండు చుక్కలుంటాయి. ఎన్ నుంచి ఒక్క మెట్టు జరిపితే చిన్న చుక్క వస్తుంది. అక్కడ పెడితే కారు రెండో గేరులోనే బయలుదేరుతుంది, మంచు రోడ్ల మీద చక్రాలు జారకుండా ఉండటానికి పెట్టిన ఏర్పాటది. మూడు గేర్లూ వాడుకుంటూ మామూలుగా నడపాలంటే దాని పక్కనున్న పెద్ద చుక్కలో పెట్టాలి. ఇండియాలో క్లచ్ బండి మీద నేర్చుకుని, ఇక్కడ కొత్త ఆటోమేటిక్‌లకు అలవాటు పడ్డ మనవాళ్ళకి ఇది తెలిసే అవకాశం తక్కువ. మీ కారు మొరాయింపు సగం ఇక్కడే పోవచ్చు.

తర్వాత గేర్‌బాక్స్ ఆయిల్, ఇంజన్ ఆయిల్ కాదు. సమతలంగా ఉన్న చోట, ఇంజన్ బాగా వేడెక్కాక, బ్రేక్ తొక్కి లివర్‌ని అన్ని గేర్లలోకీ ఒకసారి తిప్పి, పార్క్‌లో పెట్టి, ఇంజన్ ఆడుతుండగానే గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) తీసి చూడాలి. హ్యాండ్‌బ్రేక్ తప్పనిసరిగా లాగండి, చక్రాల కింద చెక్కలు కూడా పెట్టండి. పార్క్‌లో ఉన్న ఫోర్డ్ బళ్ళు రివర్స్‌లోకి జారాయని ఫిర్యాదులు వస్తే, 1980 చివర్లో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం మీద ఆ కంపెనీ యజమానులకు హెచ్చరిక స్టిక్కర్లు పంపాల్సి వచ్చింది. ఇంజన్ ఆడుతున్న కారు ముందు నిలబడేటప్పుడు పార్క్‌ని ఒక్కదాన్నే నమ్మకండి.

ఆయిల్ ఎర్రగా, శుభ్రంగా ఉంటే మంచిదే. నల్లబడి మాడు వాసన వస్తే లోపల క్లచ్ ప్లేట్లు కాలినట్టే, అప్పుడు షాపువాళ్ళ మాట నిజం కావచ్చు. స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్‌లా గులాబీ రంగులో చిక్కగా ఉంటే రేడియేటర్ లోపల ఈ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ చిల్లుపడి నీళ్ళు కలిశాయి. ఇక ఒక్క మైలు కూడా నడపకండి. లెవెల్ తగ్గితే పోయాల్సింది టైప్ ఎఫ్ ఆయిల్. ఇప్పటికీ ఆటో పార్ట్స్ షాపుల్లో దొరుకుతుంది. మరీ ఎక్కువ పోసినా నురగ కట్టి గేర్లు జారతాయి.

తెల్లపొగ, ఆలస్యం, కుదుపు మూడూ కలిసి వచ్చాయంటే నా అనుమానం వాక్యూమ్ మాడ్యులేటర్ మీదే. గేర్‌బాక్స్ వెనక భాగాన ఉండే చిన్న డబ్బా అది, ఇంజన్ నుంచి దానికి ఒక గొట్టం వస్తుంది. మీరు యాక్సిలరేటర్ ఎంత తొక్కారో గేర్‌బాక్స్‌కి తెలిసేది ఆ వాక్యూమ్ వల్లే. ఎక్కువ తొక్కితే వాక్యూమ్ పడిపోతుంది, ఆయిల్ ప్రెషర్ పెరుగుతుంది, గేరు ఆలస్యంగా గట్టిగా పడుతుంది. డబ్బాలోని పొర చిరిగినా, గొట్టం పగిలినా మీరు మెల్లగా నడుపుతున్నప్పుడు కూడా దానికి ఫుల్‌గా తొక్కినట్టే లెక్క. పైగా పొర చిరిగితే ఇంజన్ ఆ గొట్టం గుండా గేర్‌బాక్స్ ఆయిల్‌ని పీల్చుకుని కాల్చేస్తుంది. తెల్లపొగ దాని నుంచే. కింద ఒక్క చుక్క కారకపోయినా లెవెల్ తగ్గిపోతుంటుంది. పరీక్ష చాలా సులువు: ఇంజన్ ఆపి, చల్లారాక, మాడ్యులేటర్ దగ్గర రబ్బరు గొట్టం ఊడదీయండి. లోపల ఎర్రటి ఆయిల్ తగిలితే దొంగ దొరికినట్టే. డబ్బా మార్చడానికి గేర్‌బాక్స్ విప్పక్కర్లేదు. కారు కిందికి వెళ్ళాలంటే మాత్రం జాక్ స్టాండ్లు లేకుండా వెళ్ళకండి, ఒట్టి జాక్ మీద ప్రాణం పెట్టొద్దు.

ఇవన్నీ బాగున్నా ఒకటి నుంచి రెండుకి మారేటప్పుడు ఇంజన్ ఊరికే అరుస్తుంటే, రెండో గేరుని పట్టుకునే బ్యాండ్ (గేర్‌బాక్స్ లోపలి పట్టీ) వదులైందేమో చూడాలి. సీ4లో దాన్ని బయటి నుంచే సరిచేయొచ్చు: స్క్రూని 10 ఫుట్-పౌండ్ల వరకు బిగించి, ఒకటీ ముప్పావు చుట్లు వెనక్కి తిప్పి, కొత్త లాక్‌నట్ వేయాలి. రివర్స్ బ్యాండ్‌కైతే మూడు చుట్లు. టార్క్ రెంచ్ (ఎంత గట్టిగా బిగించామో చూపే పానా) పట్టిన అలవాటు లేకపోతే ఇది పాత ఫోర్డులు తెలిసిన మెకానిక్ చేత చేయించుకోవడం మేలు.

అప్పటికీ రీబిల్డే తప్పదంటే, కాలిఫోర్నియాలో పని మొదలుపెట్టే ముందు షాపు మీకు రాతపూర్వకంగా ఎస్టిమేట్ ఇచ్చి, ఒప్పుదల తీసుకోవాలన్నది చట్టం. కొత్తవాళ్ళం కదా అని అడగడానికి మొహమాటపడకండి. తీసేసిన పాత పార్టులు నాకు కావాలని కూడా ఆ ఎస్టిమేట్ మీదే రాయించండి.