కొత్తగా మధుమేహం బయటపడిన పిల్లిని ఇంట్లో ఎలా చూసుకోవాలి?

అమలాపురంలో మీరు పెంచుకుంటున్న పిల్లికి మధుమేహం ఉందని తేలిందని, ఇంట్లో ఏ జాగ్రత్తలు అవసరమని అడిగారు. సాధారణంగా ఇన్సులిన్‌ను 12 గంటల ఎడంతో రోజుకు రెండుసార్లు, చర్మాన్ని వేళ్లతో పైకెత్తి, దాని కిందికి ఇస్తారు. మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండే (U-40) ఇన్సులిన్‌కు, 100 యూనిట్ల మందు కోసం చేసిన (U-100) సిరంజి వాడితే మోతాదు తప్పుతుంది కనుక, సీసా మీద, సిరంజి మీద అంకెలు ఒకటేనా అని ప్రతిసారీ చూడండి. మన గోదావరి ఇళ్లలో పిల్లికి చేపముక్క కలిపిన అన్నం పెట్టడం అలవాటే గానీ, ఇప్పుడు ఆ అన్నాన్నీ పాలనూ వైద్యుని సలహాతో క్రమంగా తగ్గించి, మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న ఆహారానికి మార్చాలి. తిండి ముట్టని పూట ఇంజెక్షన్ ఇచ్చే ముందే వైద్యునికి ఫోన్ చేయండి. తూలినా, వణికినా వెంటనే చిగుళ్లకు తేనె రాసి ఆసుపత్రికి తీసుకువెళ్లండి. అవి రక్తంలో చక్కెర మరీ పడిపోయిందనడానికి గుర్తులు కావచ్చు; అన్నిటికన్నా త్వరగా ప్రాణం మీదికి తెచ్చేది అదే. తొలి నెలల్లోనే బాగా అదుపు చేస్తే కొన్ని పిల్లులకు ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది.