నా లఘుచిత్రాలు ‘సినిమాలా’ లేవంటున్నారు, యూట్యూబ్‌లో నిమిషం లోపే మూసేస్తున్నారు. 60 వేలు పెట్టి కెమెరా కొనమంటారా?

మీ ప్రశ్నలో రెండు బాధలు ఉన్నాయి. ఫోనుతో తీసిన మీ రెండు చిత్రాలు సినిమాలా లేవని స్నేహితులు అంటున్నారు. చూడటం మొదలుపెట్టినవారిలో ఎక్కువమంది నిమిషం లోపే వెళ్లిపోతున్నారు. రెండింటికీ కెమెరాయే కారణమని మీరు అనుకుంటున్నారు. కొన్నేళ్ల క్రితం నేనూ సరిగ్గా అలాగే అనుకుని, వరంగల్‌లో తీసిన నా మొదటి చిత్రానికి అద్దె కెమెరా, రెండు లెన్సులు, ఒక పూటకు డ్రోన్ తెచ్చాను. కాబట్టి ముందుగా ఆ కథే చెబుతాను.

ఆ చిత్రం నిడివి 18 నిమిషాలు. తెల్లవారుజామున భద్రకాళి చెరువు మీదుగా డ్రోన్ ఎగురుతుంటే, వెనుక సంగీతం వినిపిస్తూ, మేము పనిచేసిన పదకొండు మంది పేర్లూ ఒకదాని తరువాత ఒకటి తెర మీదికి వస్తాయి. అది 75 సెకన్లు. ఆపై అలారం మోగుతుంది, కథానాయకుడు నిద్ర లేస్తాడు, పళ్లు తోముకుంటాడు, బండి తీస్తాడు. యూట్యూబ్ స్టూడియోలో ప్రేక్షకులు ఎక్కడిదాకా చూశారో చూపే గీత ఒకటి ఉంటుంది కదా, అది పేర్లు పూర్తికాకముందే సగానికి పైగా పడిపోయింది. కథ మొదలయ్యే మూడో నిమిషానికి మిగిలినవారు బహుశా మా బంధువులే అయి ఉంటారు, వారిలోనూ మా పెదనాన్నగారి అబ్బాయి “డ్రోన్ షాట్ చాలా బాగుందిరా” అని మాత్రమే అన్నాడు, అంటే వాడూ అక్కడితోనే ఆపేశాడన్నమాట.

థియేటర్లో టికెట్ కొని, ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ ఏం తినాలో కూడా నిర్ణయించుకుని కూర్చున్న మనిషి, దర్శకుడికి పది నిమిషాలు అప్పుగా ఇస్తాడు. ఫోనులో చూసేవాడు ఆ అప్పు ఇవ్వడు, అతని బొటనవేలు తెర మీదే ఉంటుంది. దీనికి విరుగుడుగా చాలామంది పతాక సన్నివేశంలోని కొట్లాటను తెచ్చి మొదట్లో పెట్టి, ఆ వెంటనే ‘24 గంటల ముందు’ అని అక్షరాలు వేస్తున్నారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. ఎవరో తెలియని మనిషి దెబ్బలు తింటుంటే ప్రేక్షకుడికి కలిగేది కుతూహలమే కానీ బెంగ కాదు, ఆ కుతూహలం కూడా అక్షరాలు పడగానే చల్లారిపోతుంది. ఒక మనిషికి ఏదో కావాలని, అది దొరుకుతుందో లేదో తెలియదని మొదటి అర నిమిషంలో కంటికి కనిపిస్తే చాలు. ఈ మాట నాకు రెండో చిత్రంతో తెలిసింది.

అందులో కథ చాలా చిన్నది. పల్లెలో ఒంటరిగా ఉంటున్న ఒక ముసలమ్మ, వస్తానని చెప్పిన కొడుకు కోసం ఒక రోజంతా ఎదురుచూస్తుంది. నేను రాసుకున్న మొదటి సన్నివేశంలో పక్కింటావిడ వచ్చి, “మీ అబ్బాయి వచ్చి ఆరు నెలలవుతోంది కదా పెద్దమ్మా, ఈ రోజైనా వస్తాడా?” అని అడుగుతుంది. మా ఎడిటర్ ఆ పేజీ చదివి, ఆ ఆరు నెలల సంగతి ఆ ఇద్దరికీ తెలిసిందే కదా, మరి ఆవిడ ఎవరికి చెబుతోంది అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ సంభాషణ మొత్తం కొట్టేసి, రెండు రోజులు తల పట్టుకుని, చివరికి మా అమ్మమ్మ వంటింటి నుంచి ఒక పనిని తెచ్చి అక్కడ పెట్టాను. ముసలమ్మ చేతులు మాత్రమే కనిపిస్తాయి. డబ్బాలోంచి గిద్దెడు బియ్యం కొలిచి గిన్నెలో పోస్తుంది. బయట ఎక్కడో మోటారు సైకిలు చప్పుడు వినిపిస్తుంది. చేతులు ఆగుతాయి. చప్పుడు దగ్గరవుతుంది. ఆమె ఇంకో గిద్దెడు కొలిచి పోస్తుంది. బండి ఇంటి ముందు నుంచి వెళ్లిపోతుంది, చప్పుడు సన్నబడుతుంది. ఆమె కాసేపు ఊరుకుని, రెండోసారి పోసిన గిద్దెడూ తీసి మళ్లీ డబ్బాలో పోస్తుంది. అప్పుడు గానీ మొహం చూపించలేదు.

మొత్తం 40 సెకన్లు, ఒక్క మాట లేదు. ఆమె ఒంటరిదని, ఎవరికోసమో చూస్తోందని, ఇలా చూడటం ఇది మొదటిసారి కాదని ప్రేక్షకుడు తనంతట తానే ఊహించుకుంటాడు. అలా ఊహించుకున్నవాడు తన ఊహ నిజమో కాదో తేల్చుకోవడానికి ఉండిపోతాడు. ఈ చిత్రం గీత కూడా కిందికి దిగింది కానీ మెల్లగా దిగింది. దీన్ని ఫోనుతోనే తీశాము, అయినా సినిమాలా లేదని ఒక్కరూ అనలేదు.

ఆ సన్నివేశంలో సగం పని చేసింది చప్పుడే కాబట్టి, శబ్దం గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి. మన తెలుగు సినిమాల్లో చాలాకాలంగా చిత్రీకరణ అయ్యాక డబ్బింగ్ చెప్పడమే అలవాటు కావడంతో, మనబోటి చిన్నవాళ్లకు లొకేషన్‌లో శబ్దం మీద శ్రద్ధ ఉండదు. పెద్ద చిత్రాలకు డబ్బింగ్ థియేటర్లు, అడుగుల చప్పుడు వంటి ఎఫెక్ట్స్ చేసేవాళ్లు ఉంటారు, మనకు రికార్డు చేసుకోవడానికి పడకగది, దుప్పటి మాత్రమే ఉంటాయి. మా ముసలమ్మ నటి కాదు, మా వీధిలో ఆవిడే. తెర మీద తన పెదవులకు తానే మాట కలపలేక ఆవిడ పడిన అవస్థ చూశాక, ప్రతి టేక్ ముగియగానే అదే చోట, ఫ్యాను ఆపి, మైకు దగ్గరగా పెట్టి ఆ మాటలను మళ్లీ చెప్పించి రికార్డు చేసుకోవడం నేర్చుకున్నాము. ప్రతి లొకేషన్‌లోనూ ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం పాటు ఆ గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేసుకోండి, ఎడిటింగ్‌లో మాటకూ మాటకూ మధ్య అతుకు తెలియకుండా ఉండటానికి అది అవసరమవుతుంది. శబ్దానికి విడి రికార్డర్ వాడితే, తరువాత బొమ్మనూ శబ్దాన్నీ కలపడానికి గుర్తుగా ప్రతి షాట్‌కు చప్పట్లయినా కొట్టండి. అన్నట్టు, ఫోన్లు సాధారణంగా ఫ్రేముల వేగాన్ని, అంటే సెకనుకు తీసే బొమ్మల సంఖ్యను, ఒకేలా ఉంచవు, దానివల్ల పొడవైన షాట్లలో మాట, పెదవి క్రమంగా విడిపోతాయి. ఉచితంగా దొరికే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా వంటి యాప్‌లో వేగాన్ని స్థిరంగా పెట్టుకుంటే ఆ తలనొప్పి తగ్గుతుంది.

ఆ వేగాన్ని సెకనుకు 25 ఫ్రేములుగా, షట్టర్‌ను, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయాన్ని, సెకనులో 50వ వంతుగా పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్ల కింద తీసినప్పుడు తెర మీద చారలు, మినుకులు రావు. వెలుతురు కోసం నేను కిటికీని, స్టేషనరీ దుకాణంలో దొరికే తెల్లని థర్మాకోల్ పలకను మించి పెద్దగా ఏమీ వాడలేదు. చీకటి సన్నివేశాలను మాత్రం ఎడిటింగ్ గదిలో బాగున్నాయని వదిలేయకండి. యూట్యూబ్ వీడియోను కుదించేటప్పుడు మొదట దెబ్బతినేది నీడలే, నల్లని గోడ గళ్లుగళ్లుగా విడిపోతుంది, పైగా చూసేవాడు మిట్టమధ్యాహ్నం బస్సులో చూస్తుండవచ్చు. 1080లో తీసినా 4కెలోకి మార్చి ఎక్కిస్తే కొంత మెరుగైన కుదింపు దక్కుతుంది. శబ్దాన్ని మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే గట్టిదనాన్ని కొలిచే ప్రమాణం, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కనిపిస్తుంది) దగ్గర ఉంచండి. అంతకంటే గట్టిగా ఉంటే యూట్యూబ్ తగ్గిస్తుంది, మెల్లగా ఉంటే మాత్రం పెంచదు.

నిడివి విషయంలో పాతవాళ్లే గురువులు. ‘మాయాబజార్’ తీసిన దర్శకుడు కె.వి.రెడ్డిగారు చిత్రీకరణకు ముందే స్టాప్‌వాచ్ పట్టుకుని సన్నివేశాల నిడివి లెక్కగట్టేవారని పరిశ్రమలో చెప్పుకుంటారు. నేను రెండో చిత్రానికి స్క్రిప్టును పైకి చదువుతూ, మౌనాలను కూడా మౌనంగానే పాటిస్తూ, ఫోనులో టైము చూసుకున్నాను. 14 నిమిషాలు వచ్చింది. కాగితం మీదే 9కి దించాను. తీసిన తరువాత కోయడం ఎంత కష్టమో మొదటి చిత్రం నేర్పింది, ఆ డ్రోన్ షాట్‌కు పెట్టిన అద్దె గుర్తొచ్చి దాన్ని తీసేయలేకపోయాను.

మీ పాత్రలు పుస్తకంలోలా మాట్లాడుతున్నాయని కూడా ఎవరో అన్నారని రాశారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి వచ్చే మై విలేజ్ షో వీడియోలు ఒకసారి చూడండి. అందులో నటించే గంగవ్వగారు తన ఊరి యాసలో, తన మాటనే మాట్లాడటం వల్ల ఆ పల్లె ఎక్కడుందో తెలియనివారు కూడా నమ్మారు. యూట్యూబ్‌లో నేర్చుకున్నది పెద్ద తెరకు పనికిరాదన్న సందేహం మీకుంటే, దర్శకుడు తరుణ్ భాస్కర్‌గారు లఘుచిత్రాలు తీశాకే 2016లో ‘పెళ్లిచూపులు’తో వచ్చారు, దానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం దక్కింది.

ఆదాయం గురించి కూడా అడిగారు. ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యి మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. ఏడాదికి రెండు లఘుచిత్రాలు తీసేవారికి అది తొందరగా అయ్యే పని కాదు. రేడియోలో వినిపిస్తున్నట్టుగానైనా సినిమా పాట పెట్టకండి, నేను పెట్టిన పది సెకన్ల పాటకు హక్కుదారుల నుంచి అది తమదంటూ కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది.

ఇక 60 వేల సంగతి. నేనైతే కెమెరా కొనను. ఒక మంచి షాట్‌గన్ మైకు (ఎదురుగా ఉన్న శబ్దాన్నే ఎక్కువగా పట్టే పొడవాటి మైకు), దాన్ని పట్టుకునే కర్ర, ఒక చిన్న రికార్డర్, రెండు కాలర్ మైకులు, ఒక ట్రైపాడ్ కొంటాను. ఎడిటింగ్‌కూ రంగులకూ డావించి రిజాల్వ్ ఉచిత రూపమే సరిపోతుంది. మిగిలిన డబ్బును నటులకు, వాళ్ల భోజనాలకు, రానుపోను ఛార్జీలకు ఉంచి, మూడో చిత్రాన్ని ఇప్పుడున్న ఫోనుతోనే తీస్తాను. అప్పటికీ మీకు కావలసిన షాట్ ఏదైనా ఫోను ఇవ్వలేకపోతే, ఆ ఒక్క రోజుకు కెమెరా అద్దెకు తెచ్చుకోవచ్చు.