నిషేధం గట్టిదే, అమలు ఎవరి చేతిలో ఉంది?

ప్రశ్న: రసాయనిక ఆయుధాలను దాదాపు అన్ని దేశాలూ కలిసి నిషేధించాయని చదివాను. అయినా సిరియాలో వాటిని పదేపదే ప్రయోగించారు. ఒప్పందాన్ని ఉల్లంఘించినవారిని తేల్చి శిక్షించే ఏర్పాటే లేదా?

జవాబు: ఏర్పాటు ఉంది, కానీ అడుగడుగునా అది దేశాల ఇష్టాయిష్టాలపై ఆధారపడి నడుస్తుంది. 1925 నాటి జెనీవా ప్రొటోకాల్ యుద్ధంలో విషవాయువుల ప్రయోగాన్ని మాత్రమే నిషేధించింది; వాటిని తయారుచేసి దాచుకోవడానికి అడ్డు చెప్పలేదు. 1997 ఏప్రిల్ 29న అమల్లోకి వచ్చిన రసాయనిక ఆయుధాల నిషేధ ఒప్పందం తయారీని, నిల్వను, బదిలీని, ప్రయోగాన్ని పూర్తిగా నిషేధించింది. 193 దేశాలు అందులో ఉన్నాయి. అవి ప్రకటించిన 72 వేల టన్నులకు పైగా నిల్వలు 2023 జులై నాటికి ధ్వంసమయ్యాయి. ఇది చిన్న విజయం కాదు. అయితే, ఉన్నదాన్ని దాచిపెట్టిన దేశం విషయంలో ఏం చేయాలన్నదే అసలు చిక్కు. 2013లో సిరియా రాజధాని డమాస్కస్ శివారు గౌటాలో జరిగిన విషవాయు దాడి తరువాత ఒప్పందంలో చేరిన సిరియా సుమారు 1,300 టన్నులు ఉన్నట్టు ప్రకటించి అప్పగించింది; 2017 ఏప్రిల్‌లో అక్కడి ఖాన్ షేఖూన్ పట్టణంలో మళ్లీ సారిన్ అనే, నరాలను దెబ్బతీసే విషవాయువు ప్రయోగం జరిగింది.

అనుమానం వస్తే ఒక సభ్యదేశం మరో సభ్యదేశంలో ఏ స్థలాన్నయినా తనిఖీ చేయించమని కోరవచ్చు, దాన్ని కాదనే హక్కు ఆ రెండో దేశానికి లేదు. ఒప్పందంలోకెల్లా పదునైన నిబంధన ఇదే. విచారకరమేమిటంటే, ఇంతవరకు దీన్ని ఒక్కరూ ఉపయోగించలేదు. ఏమీ దొరక్కపోతే ఆరోపించిన దేశమే నవ్వులపాలవుతుందన్న భయం, రేపు తమనూ ఇలాగే తనిఖీ చేయమంటారన్న జంకు ఇందుకు కారణాలని నా అభిప్రాయం.

సాక్ష్యం సేకరించడం మరో కష్టం. 2018 ఏప్రిల్ 7న సిరియాలోని డూమాలో విషవాయు దాడి జరిగితే, హేగ్‌లోని రసాయనిక ఆయుధాల నిషేధ సంస్థ బృందం ఘటనాస్థలంలో అడుగుపెట్టగలిగింది ఏప్రిల్ 21న. సారిన్ త్వరగా విచ్ఛిన్నమైపోతుంది కానీ, అది విడిచిపెట్టే పదార్థాలు మట్టిలోనూ బాధితుల రక్తంలోనూ కొంతకాలం దొరుకుతాయి. నీళ్లను శుద్ధిచేయడానికి వాడే క్లోరిన్ అలా కాదు. గాలిలో కలిసిపోయాక దాని జాడను నిరూపించడం ఎంతో కష్టం. సేకరించిన ప్రతి నమూనాకూ ముద్రవేసి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో నమోదుచేసి, గుర్తింపు పొందిన ఒకటికి మించిన ప్రయోగశాలలకు పంపాలి. ఆ వరుసలో ఒక్క లంకె తెగినా నిందితుల పక్షం దాన్నే పట్టుకుంటుంది.

వాయువు ప్రయోగించారని తేలినా, ప్రయోగించింది ఎవరో చెప్పే అధికారం మొదట్లో ఆ సంస్థ పరిశీలకులకు లేదు. ఆ పనికోసం 2015లో భద్రతామండలి నియమించిన సంయుక్త బృందం గడువు పొడిగింపును 2017లో రష్యా వీటో చేసింది. 2018 జూన్‌లో సభ్యదేశాలు ఓటింగు పెట్టి ఆ అధికారాన్ని సంస్థకే ఇచ్చాయి. డూమా దాడికి సిరియా వైమానిక దళమే బాధ్యురాలని నమ్మడానికి తగిన ఆధారాలున్నాయని 2023లో సంస్థ బృందం తేల్చింది. అంతకుముందే, 2021లో, ఇతర దాడుల ఆధారంగా సిరియా ఓటు హక్కును నిలిపివేశారు. ఒప్పందం పరిధిలో వేయగలిగిన శిక్ష ఇంచుమించు అంతే. అంతర్జాతీయ నేర న్యాయస్థానంలో సిరియాకు సభ్యత్వం లేదు. ఆ దేశంలోని నేరాల విచారణను అక్కడికి పంపాలన్న తీర్మానాన్ని 2014లో రష్యా, చైనా వీటో చేశాయి.

ప్రశ్న: ఫ్యాక్టరీల్లో వాడే మామూలు రసాయనాలతోనే ఆయుధాలు చేయవచ్చంటారు. వాటిని అమ్మేవారిని ఎలా అదుపు చేస్తారు?

జవాబు: ఒప్పందం రసాయనాలను మూడు జాబితాలుగా విభజించింది. కానీ జాబితాలో ఉన్నా లేకపోయినా, చంపడానికో హాని చేయడానికో ఉద్దేశిస్తే ఏ విషపూరిత రసాయనమైనా నిషిద్ధమే. 2018లో బ్రిటన్‌లోని సాల్స్‌బరీలో ఒక మాజీ రష్యన్ గూఢచారిపై జరిగిన విషప్రయోగం తరువాత, అందులో వాడిన నోవిచోక్ అనే, నరాలను దెబ్బతీసే విషాల రకాలను జాబితాలో చేర్చాలన్న నిర్ణయం 2019లో గానీ రాలేదు. అంతకుముందు కూడా వాటి ప్రయోగం నేరమే. రంగులు, సిరాల తయారీలో పనికొచ్చే థయోడైగ్లైకాల్‌ను చూడండి. చర్మాన్ని బొబ్బలెక్కించే మస్టర్డ్ అనే విషవాయువుకూ అదే ముడిసరుకు. 1980లలో దాన్ని ఇరాక్‌కు సరఫరా చేసిన ఒక డచ్ వ్యాపారిని నెదర్లాండ్స్ కోర్టు 2005లో యుద్ధనేరాలకు సహకరించినందుకు దోషిగా తేల్చి 15 ఏళ్ల జైలు విధించింది. అప్పీలులో అది 17 ఏళ్లకు పెరిగింది. జాతి నిర్మూలనకు సహకరించాడన్న అభియోగం మాత్రం నిలవలేదు, ఎందుకంటే కొనుగోలుదారుకు అటువంటి ఉద్దేశముందని అతనికి తెలుసునని రుజువు కాలేదు. సరుకు ఎక్కడికి వెళ్లిందో చూపడం కంటే అమ్మినవాడికి ఏం తెలుసో నిరూపించడమే కష్టమని ఈ కేసు స్పష్టంగా చూపింది.

అంతర్జాతీయ ఒప్పందం ఒక వ్యాపారిని నేరుగా జైలుకు పంపలేదు. ప్రతి సభ్యదేశం తన భూభాగంలోని వారికి, విదేశాల్లో ఉన్న తన పౌరులకు కూడా వర్తించేలా శిక్షాచట్టం చేయాలని ఒప్పందం ఆదేశిస్తోంది. అందరూ ఈ పని పూర్తిగా చేయలేదు. నా దృష్టిలో భద్రతామండలి వీటోల కంటే ముందు సరిదిద్దుకోగలిగిన లోపం ఇదే, ఎందుకంటే స్వదేశంలో చట్టం చేసుకోవడానికి, కస్టమ్స్ అధికారులకు ఈ రసాయనాలను గుర్తుపట్టడం నేర్పడానికి, ఎగుమతి పత్రాల్లో తుది కొనుగోలుదారు ఎవరో నిలదీసి అడగడానికి ఏ దేశమూ మరో దేశం అనుమతి కోసం ఎదురుచూడనక్కరలేదు.