ఆఫీసుకు సైకిల్ మీద వెళ్లేవాళ్లకు ఎలాంటి మడ్‌గార్డులు మంచివి? ఎలా బిగించుకోవాలి?

మీ ప్రశ్న ఇది: 700×35 టైర్లున్న గేర్ల హైబ్రిడ్ సైకిల్, రోజూ రానూపోనూ 20 కిలోమీటర్లు, వానలు మొదలయ్యాక చొక్కా వెనక బురద చార. సీటు కింద తగిలించే చిన్న ప్లాస్టిక్ ముక్క సరిపోతుందా, లేక నిండు మడ్‌గార్డులే వేయించాలా?

నిండువే వేయించండి. అదీ రెండు చక్రాలకూ.

నాచారం నుంచి బేగంపేటకు ఐదు వానాకాలాలుగా సైకిల్ మీదే వెళ్తున్నాను. మొదటి ఏడాది నేనూ ఆ సీటు కింది ముక్కతోనే సరిపెట్టుకున్నాను. వీపు మీద చార తగ్గిన మాట నిజమే. కానీ ఆఫీసుకెళ్లి బూట్లు విప్పితే సాక్సులు పిండుకోవాల్సి వచ్చేది. ప్యాంటు మీద మోకాళ్ల దాకా చుక్కలు. అదంతా వెనక చక్రం పనే అనుకున్నాను. ఒకరోజు వాన వెలిశాక తార్నాక దగ్గర మెల్లగా తొక్కుతూ కిందికి చూస్తే అసలు సంగతి తెలిసింది. ముందు చక్రం వెనక అంచు నుంచి నీళ్లు ధారగా లేచి నేరుగా నా బూటు ముక్కు మీద పడుతున్నాయి. అక్కడ తప్పించుకున్నవి పెడళ్ల ఇరుసు మీదికి, చైను మీదికి పోతున్నాయి.

పైనుంచి పడే వానతో నాకు పెద్ద గొడవ లేదు, దానికి రెయిన్‌కోటు ఉంది. కింద నుంచి లేచే నీళ్లే ముఖ్యం. వాటిలో ఇసుక, ఆయిలు, పొంగిన మ్యాన్‌హోల్ సరుకు అన్నీ ఉంటాయి. పైగా వాన గంటలో ఆగిపోయినా రోడ్డు మాత్రం మర్నాటి దాకా ఆరదు. ఆ ఇసుక చైను లింకుల్లో చేరితే గరుకు కాగితంతో రుద్దినట్టే. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు చైను కరకరలాడుతుంటే ఏమిటో అనుకునేవాణ్ని.

ఇక కొనేటప్పుడు చూడాల్సింది రెండే. ఒకటి వెడల్పు. మడ్‌గార్డ్ టైరు కంటే కనీసం 8 నుంచి 10 మి.మీ. వెడల్పుండాలి. మీ టైరు 35 కాబట్టి 45 మి.మీ. వెడల్పున్నది అడగండి. సన్నగా ఉంటే చూడ్డానికి బాగుంటుంది గానీ నీళ్లు పక్కల నుంచి కారిపోతాయి. రెండోది, అది ఇమిడే చోటు ఉందో లేదో. ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల భాగం) పైభాగానికీ టైరుకూ మధ్య, వెనక బ్రేకు దగ్గరా చిటికెన వేలు తేలిగ్గా దూరాలి. దూరకపోతే మొదట సన్న టైర్లకు మార్చుకోవాలి, మడ్‌గార్డ్ సంగతి ఆ తర్వాత.

ఇక్కడో చిన్న కథ. మా నాన్నగారి అట్లాస్ సైకిల్‌కు ఇనప మడ్‌గార్డులు, వెనక చివర వేలాడే రబ్బరు ముక్కతో సహా, కంపెనీ నుంచే వచ్చాయి. అప్పట్లో మడ్‌గార్డ్ విడిగా కొనడమనే మాటే లేదు. ఆ నమ్మకంతో నేను కోఠికి వెళ్లి '28 సైజు మడ్‌గార్డులు' అని అడిగి తెచ్చేశాను, నా సైకిల్ టైరు మీద కూడా 28 అనే ఉందిగా! ఇంటికొచ్చి చూస్తే రెండు 28లూ ఒకటి కావు. పాత బండ్ల 28×1½ రిమ్ము వ్యాసం 635 మి.మీ., ఇప్పటి 700సి (మీ టైరు మీది 700 కూడా ఇదే) రిమ్ముది 622. టైరైతే అస్సలు ఎక్కదు. మడ్‌గార్డ్ వంపు మాత్రం దాదాపు సరిపోయింది, కానీ వెడల్పు ఎక్కువై ఫోర్కులో దూరలేదు. బరువు సంగతి చెప్పనే అక్కర్లేదు. కాబట్టి 28 అని కాకుండా 700సి అనీ, వెడల్పు ఇంత అనీ చెప్పి అడగండి. ఇనపవాటి కంటే, పక్కల నుంచి పట్టి ఉంచే సన్న కడ్డీలతో వచ్చే గట్టి ప్లాస్టిక్‌వి నయం. తుప్పు పట్టవు, గతుకుల్లో గలగలలాడవు.

బిగించడం ఇంట్లోనే చేసుకోవచ్చు, మొదటిసారి ఒక పూట పడుతుంది. పైన ఫోర్కు దగ్గర, వెనక బ్రేకు దగ్గర మొదట వదులుగా తగిలించండి. తర్వాత కడ్డీలను చక్రం ఇరుసు పక్కనుండే చిన్న రంధ్రాలకు బిగించండి. మామూలుగా అక్కడ పట్టేది ఎం5 (5 మి.మీ.) బోల్టు, దాన్ని తిప్పడానికి 4 మి.మీ. ఆలెన్ కీ (ఆరు పలకల కీ). చక్రం తిప్పుతూ టైరుకూ మడ్‌గార్డ్‌కూ మధ్య అంతటా చిటికెన వేలు పట్టేంత సందు ఉండేలా సర్ది, అప్పుడే అన్నీ గట్టిగా బిగించాలి. కడ్డీల చివరలు బయటికి పొడుచుకొస్తే హాక్సా బ్లేడుతో కోసి టోపీలు తొడగండి, లేకపోతే పిక్కలు గీరుకుంటాయి. స్ప్రింగ్ వాషర్లు మర్చిపోవద్దు. మన స్పీడ్ బ్రేకర్లకు వదులు కాని బోల్టు లేదు.

గేర్ల వైపు బోల్టు విషయంలో మాత్రం జాగ్రత్త. నేను షాపులో వేయించుకున్న మర్నాడే, చైనును చివరి చిన్న పళ్లచక్రం మీదికి తెచ్చినప్పుడల్లా టక్ టక్ మని శబ్దం. షాపాయన గేరు ట్యూనింగ్ అని చెప్పి రెండు వందలు తీసుకున్నాడు. శబ్దం పోలేదు. ఇంటికొచ్చి సైకిల్ తలకిందులు చేసి టార్చి వేసి చూస్తే, మడ్‌గార్డ్ బోల్టు కొన లోపలికి రెండు మూడు మిల్లీమీటర్లు పొడుచుకొచ్చి ఉంది. చైను రాసుకుని రాసుకుని ఆ కొన వెండిలా మెరుస్తోంది. బోల్టు తల కింద రెండు వాషర్లు వేస్తే శబ్దం ఆగిపోయింది. క్యారియర్ కూడా అదే రంధ్రానికి బిగించాల్సి వస్తే క్యారియర్ కాలు ఫ్రేముకు ఆనుకుని లోపల, మడ్‌గార్డ్ కడ్డీ దాని బయట ఉండాలి.

ముందు మడ్‌గార్డ్‌తో వచ్చే, కింద వేలాడే ఫ్లాప్ చాలావాటికి పొట్టిగా ఉంటుంది. నేను ఖాళీ అయిన 5 లీటర్ల నూనె డబ్బా పక్కభాగం కత్తెరతో కోసి, రెండు చిన్న బోల్టులతో కింద తగిలించాను. రోడ్డుకు బెత్తెడు ఎత్తు దాకా దిగింది. నా బూట్లను కాపాడింది నిజానికి ఆ నూనె డబ్బానే. మా ఆవిడ ఇప్పటికీ దాన్ని చూసి నవ్వుతుంది.

ఒక ప్రమాదం కూడా చెప్పాలి. పుల్లో, తీగ ముక్కో ముందు టైరుకు చుట్టుకుని మడ్‌గార్డ్ సందులోకి పోతే, మడ్‌గార్డ్ ముడుచుకుపోయి చక్రం పట్టేస్తుంది. మనిషి హ్యాండిల్ మీంచి ముందుకు పడతాడు. అందుకే ముందు కడ్డీలకు, గట్టిగా లాగితే వాటంతటవే ఊడిపోయే క్లిప్పులున్నవి తీసుకోండి. జర్మనీ కంపెనీ ఎస్‌కేఎస్ వాటికి ఈ ఏర్పాటు ఉంటుంది. అలాగే హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు బూటు కొన ముందు మడ్‌గార్డ్‌కు తగులుతుందేమో ఇంటి ముందే ఒకసారి చూసుకోండి.

డిస్క్ బ్రేకులుంటే కడ్డీకి క్యాలిపర్ (డిస్కును నొక్కి పట్టే భాగం) అడ్డం వస్తుంది. మధ్యలో చిన్న గొట్టం ముక్క పెట్టి పొడుగు బోల్టు వేస్తే సరిపోతుంది.

మీ ఫోర్కు కింది చివర రంధ్రం ఉందో లేదో మీరు రాయలేదు. మామూలు ఫోర్కై, రంధ్రం లేకపోతే రబ్బరు పొదిగిన లోహపు పట్టీ క్లాంపులు దొరుకుతాయి, ఫోర్కు కాలికి చుట్టి బోల్టు వేయడమే. కార్బన్ ఫోర్కుకు మాత్రం వాటి జోలికి పోవద్దు. కుదుపులకు కిందికీ పైకీ కదిలే సస్పెన్షన్ ఫోర్కైతే చెప్పండి, దానికి దారి వేరు.