ముక్కు జిడ్డు, బుగ్గలు పొడి: ఏ ఫౌండేషన్ కొనాలి?

ప్రశ్న: అక్కా, మాది కావలి. వయసు 26. పొద్దున పదయ్యేసరికి నా నుదురు, ముక్కు, గడ్డం జిడ్డోడుతుంటాయి. బుగ్గలేమో పొట్టు లేస్తుంటాయి. షాపులో జిడ్డు చర్మానికి మంచిదని మెరుపు లేని మాట్ ఫౌండేషన్ అంటగట్టారు. వేసుకున్న గంటకే ముక్కు పక్కల గీతలుగా పేరుకుంది, బుగ్గల మీద పెచ్చులు కట్టింది. పైగా ముఖమంతా బూడిద పూసినట్టుంది. వచ్చే నెల నెల్లూరులో మా అన్న పెళ్లి. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఏది కొనమంటారు?

జవాబు: టెన్షన్ ఎందుకు తల్లీ, నీది కాంబినేషన్ స్కిన్, అంటే కొన్నిచోట్ల జిడ్డు, కొన్నిచోట్ల పొడి. నెల్లూరులో నా పార్లర్‌కు వచ్చే ఆడపిల్లల్లో ఇలాంటి ముఖాలు బోలెడు. షాపతను నీ ముక్కును చూసి సరుకిచ్చాడు, బుగ్గలను చూడలేదు. గట్టి మాట్ రకం పొడి బుగ్గల మీద పొట్టునే ఎత్తి చూపిస్తుంది. అలాగని మెరుపు రకం కొనకు. మీ తుమ్మలపెంట బీచ్ వైపు నుంచి వచ్చే ఆ తేమ గాలికి ముక్కు మీద నిలవదు. మరీ మాటూ మరీ మెరుపూ కాని, సహజంగా కనిపించే పల్చటి రకం తీసుకో. డబ్బా మీద ‘ఆయిల్ ఫ్రీ’, ‘నాన్ కామెడోజెనిక్’ (చర్మ రంధ్రాలు మూయనిది) అని ఉంటే మంచిది. ఫౌండేషన్ కింద పూసే ప్రైమర్ కూడా వాడేట్టయితే రెండింటి పదార్థాల జాబితాలూ చదువు. ప్రైమర్‌లో డైమెథికోన్ అనే సిలికోన్ మొదట్లోనే ఉండి, ఫౌండేషన్‌లో అసలు లేకపోతే, రుద్దేకొద్దీ ఒక్కోసారి ఉండలు కట్టొచ్చు.

ఇక బూడిద సంగతి. నీ రంగుకన్నా తెల్లటి షేడో, పసుపు ఛాయ ఒంటికి గులాబీ ఛాయదో ఇచ్చి ఉంటారు. “ఒక షేడు తెల్లగా వెయ్యక్కా” అని నన్నూ అడుగుతుంటారు. నేను వెయ్యను, అలిగినా సరే. పట్టుచీరలో మెడ, చేతులు కనపడుతుంటే ముఖం ఒక్కటే తెల్లగా ఉండి ఏం లాభం? దవడ అంచున రెండు మూడు షేడ్లు గీతలుగా పూయించుకుని, ట్యూబ్‌లైటు కింద తేల్చెయ్యకుండా బయట వెలుతురులోకి రా. పావుగంట ఆగు. జిడ్డు తగిలి కొన్ని ముదురుతాయి. అప్పుడు మెడలో కలిసిపోయిందే నీది.

వేసుకునేటప్పుడు ఒక్క ముఖాన్నే రెండుగా చూడాలి. బుగ్గలకు క్రీము, నుదుటికి ముక్కుకు పల్చటి జెల్ మాయిశ్చరైజర్. జిడ్డుగా ఉందని అక్కడ మానెయ్యకు. పగటి వేళయితే పైన సన్‌స్క్రీన్. అవి ఇంకేదాకా ఆగు, జడ వేసుకో ఈలోగా. తర్వాత స్పాంజి తడిపి గట్టిగా పిండి, బఠాణీ గింజంత ఫౌండేషన్‌తో బుగ్గల దగ్గర మొదలుపెట్టు. రుద్దకూడదు, అద్దాలి. రుద్దితే పొట్టు లేస్తుంది. ముక్కుకు విడిగా తీసుకోకు, స్పాంజికి మిగిలిందే చాలు. ముక్కు పక్క సందుల్లో స్పాంజి కొసతో నొక్కి, ఒకసారి నోరు తెరిచి నవ్వు. గీత పడితే అక్కడ ఎక్కువైందన్నమాట, టిష్యూతో అద్ది తియ్యి. పౌడరు నుదురు, ముక్కు, గడ్డం వరకే. తెల్లటి పౌడర్లు కొన్ని ఫ్లాష్ పడగానే ఫొటోలో పిండి పూసినట్టు కనిపిస్తాయి, ముందురోజే ఫోను ఫ్లాష్‌తో ఒక ఫొటో తీసి చూసుకో.

కల్యాణ మండపంలో చెమట పట్టిందని కొంగుతో తుడిచేవు సుమా! టిష్యూ ముక్కు మీద ఆనించి, జిడ్డు పీల్చాక కాస్త పౌడరు అద్దుకో. జిడ్డు మీదే పౌడరు వేస్తే మళ్లీ పెచ్చులే.

పెళ్లికి ముందే చెవి వెనక కొంచెం రాసి ఒక రోజు చూడు, దురద పెడితే వాడొద్దు. రాత్రి ఎంత అలసిపోయినా మేకప్ తీసేసే పడుకో. ఇంకొకటి, పొట్టు బుగ్గలతో ఆగకుండా ముక్కు పక్కల, కనుబొమల్లో కూడా లేస్తూ ఎర్రబడుతుంటే అది ఉత్త పొడిదనం కాకపోవచ్చు. తలలో చుండ్రు తెచ్చే సమస్యే ముఖం మీదా అలా కనిపిస్తుంటుంది. అప్పుడు ఫౌండేషన్ డబ్బులు పక్కన పెట్టి ముందు స్కిన్ డాక్టరుకు చూపించు. పెళ్లికి ఇంకా నెల ఉందిగా.